సోయి తప్పించే మందులు, సోయిలోకి తెచ్చే లెక్కలు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక దవాఖానలో పిత్తాశయం రాళ్లకు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ జరుగుతోందనుకుందాం. పేషంట్ బరువు 60 కిలోలు. బయట బెంచీ మీద కూర్చున్న ఇంటివాళ్లను అడిగితే లోపలి సంగతి ఒక్క ముక్కలో చెప్తారు: "మత్తు సూది ఇస్తరు, సోయి తప్పుతది, ఆపరేషన్ అయినంక సోయిలకొస్తడు." లోపల మత్తు డాక్టర్ ట్రే మీద మాత్రం ఏడెనిమిది సిరంజీలు వరసగా పెట్టి ఉంటాయి. ఒక్కోదానికి ఒక చీటీ. చీటీ మీద మందు పేరు, ఒక్క మిల్లీలీటర్‌లో ఎంత మందు ఉందో ఆ లెక్క.

ఇన్ని సిరంజీలు ఎందుకంటే, పూర్తి మత్తులో కలిసి ఉన్న పనులు చాలా. మనిషికి సోయి తప్పాలి. జరిగింది గుర్తుండకూడదు. కత్తి పడ్డప్పుడు శరీరం ఎదురు తిరగకూడదు. పొట్ట కండరాలు మెత్తబడి సర్జన్‌కు చోటివ్వాలి. మూడోది చాలామందికి తట్టదు. సోయి లేని మనిషికి నొప్పి తెలియదు, నిజమే. కానీ చర్మం కోసిన క్షణంలో నొప్పి కబురు వెన్నుపాము గుండా పైకి పోతూనే ఉంటుంది. నాడి 80 నుంచి 130కి ఎగబాకుతుంది, బీపీ పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవారికి ఆ రెండు నిమిషాలే ప్రమాదం. అందుకే నిద్రపుచ్చే మందు వేరు, నొప్పిని ఆపే మందు వేరు.

పాత రోజుల్లో ఈ పనులన్నీ ఒక్క ఈథర్‌తోనో ఒక్క క్లోరోఫామ్‌తోనో చేయించేవారు. ఒక్క మందుతో కండరాలు కూడా మెత్తబడాలంటే మోతాదు చాలా పెంచాలి. అంత మోతాదులో ఊపిరి ఆగడానికి ఎంతో దూరం ఉండదు. ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కో మందు, ప్రతిదీ తక్కువ మోతాదులో. మత్తు ఇంత సురక్షితం కావడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

మొదటి పది నిమిషాలు

ముందుగా ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి 3 నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. పేషంట్లకు ఇది ఊపిరాడనట్టు అనిపించి మాస్కు పక్కకు నెడతారు. నెట్టకూడదు, దీని వెనక గట్టి లెక్క ఉంది. పడుకున్న మనిషి ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో సుమారు 2 లీటర్లకు పైగా గాలి మిగిలి ఉంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి అందులో ఉన్న ఆక్సిజన్ అర లీటరుకు లోపే. శరీరం నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుంది. అంటే ఊపిరి ఆగితే రెండు నిమిషాలు కూడా నిలవదు. అదే చోటును ఆక్సిజన్‌తో నింపితే ఆరోగ్యవంతుడికి 7, 8 నిమిషాల దాకా గడువు దొరుకుతుంది. గొంతులోకి గొట్టం దించడం కష్టమైతే ఆ మనిషిని బతికించేది ఆ గడువే. లావుగా ఉన్నవారికి, గర్భిణులకు, చిన్నపిల్లలకు ఈ గడువు బాగా తక్కువ.

తర్వాత ఫెంటానిల్. కిలోకు 2 మైక్రోగ్రాముల లెక్కన 60 కిలోలకు 120 మైక్రోగ్రాములు. మిల్లీలీటర్‌కు 50 మైక్రోగ్రాములు ఉండే మందు కాబట్టి సుమారు రెండున్నర మిల్లీలీటర్లు. నొప్పి మీద పనిచేసేది ఇదే. మార్ఫిన్ జాతి మందు కాబట్టి ఊపిరిని నెమ్మది చేస్తుంది.

ఆ వెంటనే ప్రొపోఫోల్, పాలలా తెల్లగా ఉండే మందు. సోయా నూనె, గుడ్డు సొనలోని లెసిథిన్ కలిపి తయారు చేయడం వల్ల ఆ రంగు. కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్కన 120 మిల్లీగ్రాములు, అంటే ఒక శాతం మందు 12 మిల్లీలీటర్లు. నరంలో మంట పుడుతుంది కాబట్టి ముందు కాస్త లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే మందు ఇస్తారు. అర నిమిషం నుంచి ముప్పావు నిమిషంలో కనురెప్ప తాకినా కదలదు. మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాలను నెమ్మదింపజేస్తుంటుంది. ప్రొపోఫోల్ దాని బలాన్ని పెంచుతుంది. ఈ మందుతో ఇబ్బంది బీపీ పడిపోవడం, ఊపిరి ఆగడం. 75 ఏళ్ల పెద్దమనిషికి ఇదే 120 మిల్లీగ్రాములు ఒక్కసారిగా ఇస్తే బీపీ ప్రమాదకరంగా కిందికి పోవచ్చు. ఆయనకు కిలోకు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు చాలు, అదీ మెల్లగా. పెద్ద వయసులో రక్తప్రసరణ నెమ్మదిస్తుంది కాబట్టి మందు మెదడుకు చేరడం ఆలస్యమవుతుంది. నిద్ర పట్టలేదని తొందరపడి ఇంకో మోతాదు ఎక్కించడమే ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు.

మరో జాగ్రత్త. నూనె, లెసిథిన్ ఉన్న ద్రవం కాబట్టి ప్రొపోఫోల్‌లో సూక్ష్మజీవులు తేలిగ్గా పెరుగుతాయి. ఒక పేషంట్‌కు తెరిచిన మందు మరొకరికి వాడకూడదు, పొద్దున సిరంజీలోకి తీసినది సాయంత్రానికి దాచకూడదు. మందు మిగిలిందని జాలిపడితే రక్తంలో ఇన్ఫెక్షన్ కొనితెచ్చుకున్నట్టే.

సోయి తప్పాక మాస్కుతో గాలి లోపలికి పోతోందని చూసుకుని కండరాలను సడలించే మందు ఇస్తారు. అట్రాక్యూరియం అయితే కిలోకు అర మిల్లీగ్రాము, అంటే 30 మిల్లీగ్రాములు. వెక్యూరోనియం అయితే 6 మిల్లీగ్రాములు. మూడు నిమిషాల్లో దవడ మెత్తబడుతుంది. ఈ మందుకు మత్తు లేదు, నొప్పి తగ్గించే గుణమూ లేదు. నరం నుంచి కండరానికి పోయే కబురును మాత్రమే ఆపుతుంది. అంటే నిద్రమందు చాలకపోతే, కదల్లేని మనిషి లోపల మెలకువగా ఉండే వీలుంది. బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిపి 2014లో ప్రచురించిన పెద్ద సర్వేలో మత్తులో మెలకువ వచ్చిందని చెప్పినవారు సుమారు 19,000 మందికి ఒకరు. సడలింపు మందు వాడిన ఆపరేషన్లు మాత్రమే తీసుకుంటే సుమారు 8,000కు ఒకరు. అరుదే, కానీ లేనిది కాదు. అటువంటిది జరిగిందని పేషంట్ చెప్తే "కల వచ్చి ఉంటుంది" అని కొట్టిపారేయకూడదు. డాక్టర్‌తో కూర్చోబెట్టి మాట్లాడించాలి.

ఇప్పుడు లారింగోస్కోప్‌తో నాలుకను పక్కకు తోసి, స్వరతంతువులను కళ్లతో చూస్తూ గొట్టం దించుతారు. ఆడవారికి 7 లేదా 7.5, మగవారికి 8 లేదా 8.5 సైజు. గొట్టం ఊపిరితిత్తుల దారిలో పడిందా, అన్నవాహికలో పడిందా అన్నదే ఆ క్షణంలో తేలాల్సింది. స్టెతస్కోప్‌తో విని పొరబడినవారు ఉన్నారు. వేలికి పెట్టిన పల్స్ ఆక్సిమీటర్ ఇక్కడ ఇంకా పెద్ద మోసం చేస్తుంది. ముందు నింపిన ఆక్సిజన్ వల్ల గొట్టం తప్పుదారిలో ఉన్నా కొన్ని నిమిషాలు 99 చూపిస్తూనే ఉంటుంది. నమ్మాల్సింది కాప్నోగ్రాఫ్‌నే. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 (పాదరసం మిల్లీమీటర్ల లెక్కన) మధ్య గీత గీస్తూ వరసగా కొన్ని ఊపిరులు కనిపిస్తే గొట్టం సరైన చోట ఉన్నట్టు. గీత చదునుగా ఉంటే, వేరే రుజువు దొరికేదాకా అన్నవాహికలో ఉన్నట్టే లెక్క. కాప్నోగ్రాఫ్ లేని థియేటర్లో పూర్తి మత్తు ఇవ్వకూడదు. ఊరు చిన్నదైనా దవాఖాన చిన్నదైనా ఇందులో మినహాయింపు లేదు. ఆపరేషన్‌కు ముందు "ఆ మెషీన్ ఉందా సార్?" అని అడగడం పేషంట్ హక్కు.

గాలిలో కలిపే మత్తు

ప్రొపోఫోల్ ఒక్క మోతాదు నిలిచేది 5 నుంచి 10 నిమిషాలే. మిగతా గంట, రెండు గంటలు నడిపేది ఆవిరి మందులు: ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్. ద్రవంగా సీసాలో వస్తాయి, వేపరైజర్‌లో ఆవిరై ఆక్సిజన్‌తో కలిసి లోపలికి పోతాయి. ఎంత ఇవ్వాలన్నదానికి ఒక కొలత ఉంది. చర్మం కోసినప్పుడు సగం మంది కదలకుండా ఉండేందుకు ఊపిరితిత్తుల్లో ఉండాల్సిన శాతమే ఆ కొలత. ఐసోఫ్లూరేన్‌కు ఇది సుమారు 1.2, సెవోఫ్లూరేన్‌కు 2, డెస్‌ఫ్లూరేన్‌కు 6. నవ్వుల వాయువుగా పేరున్న నైట్రస్ ఆక్సైడ్‌కు 104. వందకు మించి ఇవ్వలేం కాబట్టి అది ఒక్కటే ఎప్పటికీ చాలదు, తోడుగానే పనికొస్తుంది. నలభై దాటాక వయసు పెరిగే కొద్దీ ఈ కొలత తగ్గుతుంది, పదేళ్లకు 6 శాతం చొప్పున.

సూది అంటే ఏడ్చే పిల్లలకు సెవోఫ్లూరేన్ మంచిది, వాసన ఘాటుగా ఉండదు, మాస్కుతోనే నిద్రపుచ్చొచ్చు. డెస్‌ఫ్లూరేన్ ఘాటుకు పిల్లలు దగ్గి, గొంతు బిగుసుకుంటుంది.

ఈ ఆవిరి మందుల ముత్తాతల్లో ఒకటి క్లోరోఫామ్. దాని కథలో హైదరాబాద్‌కు పెద్ద చోటుంది. 1846లో బోస్టన్‌లో ఈథర్, మరుసటి ఏడు ఎడిన్‌బరోలో క్లోరోఫామ్ వాడుకలోకి వచ్చాయి. క్లోరోఫామ్ ఇచ్చిన కొందరు బల్ల మీదే చనిపోయేవారు. చంపేది గుండె ఆగడమా, ఊపిరి ఆగడమా అన్నది పెద్ద తగువు. హైదరాబాద్‌లో ఉన్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అనేవాడు, గుండెకు ఏమీ కాదనేవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో 1888లో, మళ్లీ 1889లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు జంతువుల మీద పరీక్షలు చేసి లారీ మాటే నిజమన్నాయి. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆ నిజాం వల్లే. కానీ 1911లో లెవీ అనే శాస్త్రవేత్త పిల్లుల మీద చూపించింది వేరు. క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదు. కమిషన్ పరీక్షలు ఉత్తవి కావు, ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న పాఠం వాటి నుంచి బలంగా వచ్చింది. తప్పల్లా గుండె కూడా ఆగగలదన్న మాటను కాదనడంలోనే ఉంది. ఇవాళ థియేటర్లో ఈసీజీ గీత, కాప్నోగ్రాఫ్ గీత ఒకే తెర మీద పక్కపక్కన నడుస్తాయి. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో చదివి మత్తు ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు.

కడుపు నిండి ఉంటే

ప్రొపోఫోల్ పడగానే అన్నవాహిక కింది ద్వారం వదులవుతుంది, దగ్గు కూడా పోతుంది. కడుపులో ఉన్నది పైకి పొంగితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అందుకే ఉపవాసం. కానీ "రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టొద్దు" అని అందరికీ ఒకే మాట చెప్పడం సరైన పద్ధతి కాదు. మంచినీళ్లు, కొబ్బరినీళ్లు, పాలు లేని చాయ్ 2 గంటల ముందు దాకా తాగొచ్చు. తల్లిపాలకు 4 గంటలు. పాల చాయ్, అంబలి, గట్క, ఇడ్లీకి 6 గంటలు. మటన్, నూనెలో వేయించినవి తింటే 8 గంటలు. మన దగ్గర తప్పు ఎక్కువగా చాయ్ దగ్గరే జరుగుతుంది. "ఏం తినలే సార్, జరంత చాయ్ తాగిన" అంటారు. పాలు కడుపులోకి పోయి గడ్డకడతాయి కాబట్టి దాన్ని తిండి కిందే లెక్కేస్తారు. ఇటువైపు చూస్తే, పొద్దున 11 గంటల ఆపరేషన్‌కు రాత్రి 9 నుంచి గొంతు ఎండబెట్టుకున్న ముసలాయనకు ఒంట్లో నీరు తగ్గి, ప్రొపోఫోల్‌తో బీపీ ఇంకా ఎక్కువగా పడుతుంది. రెండూ నష్టమే.

యాక్సిడెంట్ కేసులో ఈ గంటల లెక్క పనిచేయదు. నార్కట్‌పల్లి దగ్గరో జడ్చర్ల దగ్గరో హైవే మీద దెబ్బ తగిలిన మనిషికి నొప్పి, భయంతో అరుగుదల దాదాపు ఆగిపోతుంది. పదిగంటల తర్వాత కూడా కడుపు నిండుగానే ఉందనుకోవాలి. అటువంటప్పుడు మాస్కుతో గాలి ఊదకుండా, నిద్రమందు వెనకే త్వరగా పనిచేసే సడలింపు మందు ఇచ్చి నిమిషంలో గొట్టం దించేస్తారు. రక్తం పోయి బీపీ పడిపోయిన మనిషికి ప్రొపోఫోల్ బదులు కెటమైన్ మంచిది, కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. అది బీపీని నిలబెడుతుంది, నొప్పిని కూడా ఆపుతుంది. తేరుకునేటప్పుడు పీడకలలు, భ్రమలు రావచ్చు. మిడాజోలం అనే నిద్రమందు కాస్త తోడిస్తే తగ్గుతాయి.

మన ప్రాంతంలో అడగాల్సినవి

పుస్తకంలోని మోతాదులు పుస్తకంలోని శరీరాలకు. ఇక్కడి మనుషులకు కొన్ని అదనపు ప్రశ్నలు వేయాలి.

మొదటిది కల్లు. చెట్టు కల్లు సంగతి కాదు. అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు తెలంగాణ పల్లెల్లో ఏళ్లుగా ఉన్న జబ్బు. ఇవన్నీ నిద్రమందులే, మత్తు మందులు పనిచేసే గాబా దారిలోనే పనిచేస్తాయి. రోజూ అలవాటైన మెదడుకు మామూలు మోతాదు మిడాజోలం సోకనే సోకదు, ప్రొపోఫోల్ కూడా ఎక్కువ పట్టవచ్చు. అసలు కష్టం ఆపరేషన్ అయ్యాక. దవాఖానలో కల్లు దొరకదు. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, సెలైన్ పీకేసి మంచం దిగిపోతాడు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఇంటివాళ్లు "మత్తు దిగలే" అనుకుంటారు. మత్తు ఎప్పుడో దిగింది, దిగనిది కల్లు అలవాటే. ముందే తెలిస్తే డైజీపామ్ ఇచ్చి మెల్లగా తగ్గించుకుంటూ ఆ అవస్థ రాకుండా చూడొచ్చు. ఇది అడిగినప్పుడు సిగ్గుపడొద్దు, కోడలు ముందున్నా కొడుకు ముందున్నా నిజం చెప్పండి. రోజుకు ఎన్ని సీసాలో కూడా చెప్పండి.

రెండోది ఫ్లోరిన్. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరిన్ ఉన్న బోరు నీళ్లు తాగినవారిలో మెడ, వెన్ను ఎముకలు బిగుసుకుపోయినవారు ఉన్నారు. గొట్టం దించాలంటే తల వెనక్కి వంగాలి. మెడ వంగకపోతే లారింగోస్కోప్‌కు స్వరతంతువులు కనిపించవు. పక్కటెముకల కీళ్లు గట్టిపడితే ఛాతీ విప్పారదు, ఆపరేషన్ తర్వాత గట్టిగా దగ్గలేరు, కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. "పూర్తి మత్తు ఎందుకు, నడుము సూది ఇవ్వండి" అని చాలామంది అడుగుతారు. వెన్నుపూసల మధ్య బంధనాలే ఎముకలా మారితే ఆ సూది లోపలికి పోదు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ప్రయత్నించి వదిలేయాల్సి వస్తుంది. అంటే ఈ మనిషికి ఏ మత్తయినా కష్టమే. ముందు రోజే మెడ ఎంత వంగుతుందో చూసి వీడియో లారింగోస్కోప్ సిద్ధంగా ఉన్న చోట, అవసరమైతే మెలకువలోనే గొంతు మొద్దుబార్చి సన్నని కెమెరా దారిలో గొట్టం దించగల చోట ఆపరేషన్ పెట్టుకోవాలి. కాళ్లలో తిమ్మిర్లు, బలహీనత ముందే ఉంటే కాగితం మీద రాయించాలి. లేకపోతే తర్వాత అది నడుము సూది వల్లే వచ్చిందన్న తగువు మొదలవుతుంది.

ఇదే మనుషులు కీళ్ల నొప్పులకు ఏళ్లుగా మింగుతున్న గోలీల సంగతీ చెప్పాలి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే అడ్రినల్ గ్రంథులు బద్ధకిస్తాయి. ఆపరేషన్ ఒత్తిడికి కావాల్సిన హార్మోన్ అవి సొంతంగా ఇవ్వలేవు, బీపీ ఎంతకీ లేవదు. గోలీల పేరు తెలియకపోతే అట్ట తీసుకురండి.

మూడోది సక్సమిథోనియం. అత్యవసరంలో వాడే సడలింపు మందు ఇది, కిలోకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. నిమిషంలో పనిచేసి 5, 10 నిమిషాల్లో పోతుంది. పోవడానికి కారణం రక్తంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేయడం. ఆ ఎంజైమ్ పుట్టుకతో లోపిస్తే పది నిమిషాల మందు గంటల తరబడి నిలుస్తుంది, మనిషికి సోయి వచ్చినా ఊపిరి తీయలేడు. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావారికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దాని వెనకున్న ఒక జన్యు మార్పును శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించారు. తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి రెండు లోపాలూ కలిస్తేనే తీవ్రంగా బయటపడుతుంది, కాబట్టి మేనరికాల్లో అవకాశం ఎక్కువ. "మా పెదనాన్నకు ఆపరేషన్ అయినంక చాలాసేపు వెంటిలేటర్ పెట్టిన్రు" అన్న ఒక్క మాట ఇక్కడ విలువైనది. ఆ మాట వింటే రక్తపరీక్ష చేయిస్తారు, ఈ మందు మానేసి రోక్యూరోనియం అనే ఇంకో సడలింపు మందు వాడతారు. తెలియక ఇచ్చేసినా భయపడాల్సిన పని లేదు. మందు దిగేదాకా నిద్రలో ఉంచి వెంటిలేటర్ నడిపితే మనిషి క్షేమంగా బయటపడతాడు.

పురుగుమందు కూడా ఇదే ఎంజైమ్‌ను అణిచేస్తుంది. పత్తికి కొట్టే క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ ఆ జాతివే. వారం కింద మాస్కు లేకుండా మందు కొట్టిన రైతుకు అపెండిసైటిస్ వస్తే, "ఎప్పుడు పిచికారీ చేసినవ్ అన్నా?" అని అడగాల్సిందే. పురుగుమందు తాగి వచ్చిన మనిషికి గొట్టం వేయాల్సి వస్తే సక్సమిథోనియం వద్దనుకోవడం మేలు.

గుట్కా నమిలేవారికి నోరు బిగుసుకుని పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, ఆ సంగతి త్వరగా తేలుతుంది. నోరు తెరిచి మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూసుకోండి. పట్టకపోతే లారింగోస్కోప్ పెట్టడం కూడా కష్టం, మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి.

తిరిగి సోయిలోకి

ఆపరేషన్ ముగింపుకొచ్చాక ఆవిరి మందు ఆపుతారు, ఊపిరితోనే బయటికి పోతుంది. సడలింపు మందుకు విరుగుడుగా నియోస్టిగ్మిన్ 2.5 మిల్లీగ్రాములు, అది నాడిని మరీ తగ్గించకుండా గ్లైకోపైరోలేట్ 0.5 మిల్లీగ్రాములు. రోక్యూరోనియం వాడి ఉంటే సుగామాడెక్స్ అనే మందు దాన్ని చుట్టుముట్టి బంధిస్తుంది, ఖరీదు మాత్రం ఎక్కువ. తొందరపడి గొట్టం తీస్తే సగం బలంతో ఉన్న గొంతు కండరాలు మూసుకుపోతాయి. కళ్లు తెరవడం చాలదు. తల ఎత్తి 5 సెకన్లు నిలబెట్టగలగాలి, చెయ్యి గట్టిగా పిండగలగాలి. నరానికి చిన్న కరెంటు తట్టు ఇచ్చి కండరం స్పందన కొలిచే మెషీన్ ఉంటే ఇంకా నమ్మకం.

రికవరీ గదిలో వణుకు, గొంతు గరగర, వికారం మామూలే. ఆడవారికి, పొగ తాగనివారికి, బస్సు ప్రయాణంలో వాంతి అయ్యేవారికి వికారం ఎక్కువ. ముందే చెప్తే ఆండాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్ ఇస్తారు. ఆ రోజే ఇంటికి పంపితే 24 గంటలు బండి నడపొద్దు, ట్రాక్టర్ ఎక్కొద్దు, బోరు మోటార్ స్టార్టర్ ముట్టొద్దు, కల్లు, సారా తాగొద్దు. గొట్టం దించడం కష్టమైందనో ఫలానా మందు పడలేదనో డాక్టర్ చెప్తే, డిశ్చార్జి కాగితం మీద ఆ మాట రాయించుకోండి. దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పంపండి.